జర్మనీలో ఎమ్మెస్: శ్రీకాకుళం, విజయనగరం పిల్లలకు కాగితాల వరస

జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువ చోట్ల ట్యూషన్ ఫీజు ఉండదన్న సంగతి రాజాం నుంచి ఇచ్ఛాపురం దాకా ఇంజినీరింగ్ పిల్లలందరికీ తెలుసు. తెలియనిదల్లా వరస. అక్కడ ఒక కాగితం చేతికొస్తేనే రెండోది ఇస్తారు. ఏపీఎస్ (మెమోలు అసలువేనని తేల్చే సర్టిఫికెట్) లేనిదే వీసా లేదు, ఇన్సూరెన్స్ లేనిదే యూనివర్సిటీ రిజిస్టర్‌లో పేరెక్కదు, ఇంటి అడ్రసు లేనిదే ట్యాక్స్ నంబరు రాదు. మార్కులుండీ, డబ్బుండీ మధ్యలో ఆగిపోయేది ఈ వరస తప్పిన చోటే. అక్టోబరులో మొదలయ్యే వింటర్ సెమిస్టర్‌లో చేరాలంటే అంతకుముందు ఏడాది సెప్టెంబరులోనే పని మొదలెట్టాలి. అంటే ఫైనలియర్ మొదటి సెమిస్టర్ నడుస్తుండగానే.

పేరు, మెమోలు

పదో తరగతి మెమోలో ‘గొర్లె వెంకట రమణ’. బీటెక్ మెమోలో ‘జి. వెంకట రమణ’. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, గివెన్ నేమ్ గడిలో పేరంతా కలిపి. మన ఫైళ్లలో నిత్యం కనిపించే తేడా ఇది. ఇక్కడ ఎవరూ అడగరు. జర్మన్ ఆఫీసుల్లో మాత్రం ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే పేరంతా తీసుకెళ్లి అందులో వేసేస్తారు. ఆ తర్వాత బ్యాంకువాళ్లు ఒకలా, యూనివర్సిటీవాళ్లు ఒకలా, ఇన్సూరెన్స్‌వాళ్లు మరోలా రాసుకుంటారు. ఇంటిపేరు సర్‌నేమ్‌లోకి, మిగతాది గివెన్ నేమ్‌లోకి వచ్చేలా విశాఖ పాస్‌పోర్టు ఆఫీసు ద్వారా రీ-ఇష్యూ చేయించుకోండి. స్పెల్లింగుకి పదో తరగతి మెమోయే ప్రమాణం. మిగతా దరఖాస్తులన్నీ పాస్‌పోర్టు పేరు మీదే నడుస్తాయి కాబట్టి ఈ పని అన్నిటికన్నా ముందు. బీటెక్ మెమోలో ఇనీషియల్ మాత్రమే ఉంటే, రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ తీయించి జతచేయండి.

డిగ్రీ మీద ఏ యూనివర్సిటీ పేరుంటే ట్రాన్స్‌క్రిప్టు అక్కడి నుంచే తెచ్చుకోవాలి. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ 2022లో విడిగా ఏర్పడింది. అంతకుముందు చేరిన బ్యాచ్‌లకు కాకినాడ వెళ్లక తప్పదు. శ్రీకాకుళం జిల్లా డిగ్రీ కాలేజీల వాళ్లకు ఎచ్చెర్లలోని అంబేద్కర్ యూనివర్సిటీ. అటానమస్ కాలేజీల్లో మెమోలు కాలేజీ ఇస్తుంది, డిగ్రీ పట్టా యూనివర్సిటీ ఇస్తుంది. రెండు చోట్లా తిరగాల్సిందే, పండగ సెలవుల ముందు మాత్రం వెళ్లకండి.

అన్ని సెమిస్టర్ల మెమోలు, కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్ తీసుకున్నాక చాలామంది ఫైలు మూసేస్తారు. ఇంకో రెండు కావాలి. ఒకటి, మీ రెగ్యులేషన్ సిలబస్ కాపీ, కాలేజీ ముద్రతో. జర్మనీలో మాస్టర్స్ సీటు ఇచ్చేవాళ్లు చూసేది మార్కులకన్నా ముందు సబ్జెక్టులు: లెక్కలు ఇన్ని క్రెడిట్లు, ప్రోగ్రామింగ్ ఇన్ని క్రెడిట్లు చదివాడా లేదా అని. సబ్జెక్టు పేరు చూసి వాళ్లకు అర్థం కాకపోతే సిలబస్ తీసి చదువుతారు.

రెండోది గ్రేడింగు వివరం. ఇది మెమో వెనకాల సన్నక్షరాల్లో ఉంటుంది, స్కాన్ చేసేటప్పుడు వెనకవైపు వదిలేస్తారు. మన మార్కుల్ని వాళ్లు తమ స్కేలులోకి మార్చుకునే లెక్క ఇలా ఉంటుంది: గరిష్ఠ గ్రేడులోంచి మీ గ్రేడు తీసేసి, దాన్ని గరిష్ఠానికీ కనీస పాస్ గ్రేడుకీ ఉన్న తేడాతో భాగించి, 3తో గుణించి, 1 కలుపుతారు. మీకు 10కి 8.0 వచ్చిందనుకోండి. పాస్ గ్రేడు 4 అయితే జర్మన్ గ్రేడు 2.0. పాస్ గ్రేడు 5 అయితే అదే మార్కుకి 2.2. అక్కడ 1.0 అందరికన్నా మంచిది, 4.0 బొటాబొటి పాస్. చాలా కోర్సులు 2.5 దాటితే దరఖాస్తే చూడవు. పాస్ గ్రేడు ఎంతో రాసున్న కాగితం జతచేయకపోతే వాళ్లకు తోచిన అంకె వేసుకుంటారు.

ఏపీఎస్

భారతీయ విద్యార్థులు వీసాకి పెట్టాలంటే 2022 నవంబరు 1 నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి. మీ మెమోలు అసలువేనని ఢిల్లీలోని జర్మన్ ఎంబసీ విభాగం తేల్చి ఇచ్చే కాగితం అది. ఫీజు 18,000 రూపాయలు. ఒకసారి తీసుకుంటే గడువు ఉండదు, ఎన్ని యూనివర్సిటీలకైనా అదే. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మెమోలన్నీ, పాస్‌పోర్టు కాపీ, సంతకం చేసిన దరఖాస్తు, ఫీజు రసీదు కావాలి. సంతకం పాస్‌పోర్టులో ఉన్నట్టే పెట్టండి.

తిరిగొచ్చే ఫైళ్లలో సాధారణంగా ఉండే లోపాలు: సప్లీ రాసిన సెమిస్టర్‌కి రెండు మెమోలుంటే ఒక్కటే పంపడం, స్కాన్‌లో అంచులు తెగిపోవడం, ఇంటర్ మొదటి సంవత్సరం వివరాలు లేకపోవడం. ఫోన్‌తో ఫొటో తీసి పంపొద్దు, జిరాక్స్ షాపులో 300 డీపీఐ రంగు స్కాన్ చేయించండి. బ్యాక్‌లాగులు దాచిపెట్టాలని చూడకండి. బ్యాక్‌లాగుతో ఏపీఎస్ ఆగదు, దాచిన మెమోతో ఆగుతుంది.

కోర్సు ఎంచుకునే ముందు

విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే జర్మన్ సంస్థ డీఏఏడీ వెబ్‌సైటులో ఇంగ్లిషులో నడిచే కోర్సులన్నీ వెతకొచ్చు, ఉచితం. ట్యూషన్ ఫీజు లేదన్న మాటకు రెండు పెద్ద మినహాయింపులున్నాయి. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో (స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూహె, హైడెల్‌బర్గ్ అన్నీ అందులోవే) యూరప్ బయటి విద్యార్థులకు సెమిస్టర్‌కి 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024 వింటర్ సెమిస్టర్ నుంచి మాస్టర్స్‌కి సెమిస్టర్‌కి 4,000 నుంచి 6,000 యూరోలు తీసుకుంటోంది. మిగతా చోట్ల సెమిస్టర్ కాంట్రిబ్యూషన్ అని 100 నుంచి 350 యూరోల దాకా ఉంటుంది, అందులోనే బస్సు, రైలు పాస్ కలిసి రావచ్చు.

ప్రైవేటు యూనివర్సిటీల లెక్క వేరు, ఏడాదికి లక్షల్లో. కన్సల్టెన్సీ వాళ్లు “వారంలో అడ్మిషన్” అంటే అది దాదాపు ప్రైవేటుదే. ప్రభుత్వ యూనివర్సిటీ ఎవరికీ కమీషన్ ఇవ్వదు, అందుకే దాని గురించి వాళ్లు అంత హుషారుగా చెప్పరు.

మెకానికల్ చదివి డేటా సైన్స్‌కి, సివిల్ చదివి కంప్యూటర్ సైన్స్‌కి పెట్టేవాళ్లు ఎక్కువగానే ఉన్నారు. ఆన్‌లైన్ సర్టిఫికెట్లు ఎన్ని చూపించినా అక్కడ లెక్కలోకి రావు, డిగ్రీలో క్రెడిట్లు ఉండాల్సిందే. మెకానికల్ వాళ్లు కంప్యుటేషనల్ ఇంజినీరింగ్, మెకట్రానిక్స్ లాంటి పక్క దారుల్లో వెతకడం నయం. మూడేళ్ల బీఎస్సీ వాళ్లను అన్ని యూనివర్సిటీలూ తీసుకోవు, ముందే ఈమెయిల్ రాసి అడగండి. ఇంటర్ అవగానే బ్యాచిలర్స్‌కి వెళ్లాలంటే ఇక్కడ ఒక ఏడాది డిగ్రీ పాసవ్వాలి, లేదా జేఈఈ అడ్వాన్స్‌డ్ ఉండాలి, లేదా అక్కడ స్టూడీన్‌కొల్లెగ్ అనే ఏడాది కోర్సు చదవాలి. బ్యాచిలర్స్ ఎక్కువగా జర్మన్‌లోనే ఉంటుంది.

దరఖాస్తులు కొన్ని నేరుగా, కొన్ని యూనివర్సిటీల తరఫున వాటిని పరిశీలించే యూని-అసిస్ట్ అనే సంస్థ ద్వారా. యూని-అసిస్ట్‌కి మొదటి కోర్సుకి 75 యూరోలు, అదే సెమిస్టర్‌లో తర్వాతి ప్రతి కోర్సుకి 30. వింటర్‌కి గడువు జులై 15 అని అందరూ చెప్పుకుంటారు గానీ, విదేశీ విద్యార్థులకు చాలా కోర్సులు మార్చి, ఏప్రిల్, మే నెలల్లోనే మూసేస్తాయి. కోర్సు పేజీలో ఉన్న తేదీయే తేదీ.

డబ్బు

వీసాకి చూపించాల్సింది బ్లాక్డ్ అకౌంట్. ఏడాదికి 11,904 యూరోలు అందులో వేస్తే, అక్కడికి వెళ్లాక నెలకి 992 చొప్పున మీ మామూలు ఖాతాలోకి వస్తాయి. 2024 సెప్టెంబరు నుంచి ఉన్న మొత్తం ఇది. పెట్టే ముందు జర్మన్ మిషన్ల సైటులో మరోసారి చూసుకోండి. యూరో వంద రూపాయలనుకుంటే దగ్గర దగ్గర 12 లక్షలు. ఫింటిబా, ఎక్స్‌పాట్రియో లాంటి సంస్థలు ఆన్‌లైన్‌లోనే ఖాతా తెరుస్తాయి.

పంపడం దగ్గరే తిప్పలన్నీ. మండలంలోని బ్రాంచిలో విదేశీ చెల్లింపులు చూసేవాళ్లు ఉండకపోవచ్చు. శ్రీకాకుళం, విజయనగరం మెయిన్ బ్రాంచిలో ముందు రోజే ఫోన్ చేసి అడగండి, అక్కడా కాకపోతే విశాఖే. ఫారం ఏ2, పంపేవాళ్ల పాన్, అడ్మిషన్ లెటర్, బ్లాక్డ్ అకౌంట్ వివరాల కాగితం తీసుకెళ్లాలి. డబ్బు నాన్నగారి ఖాతాలోంచి వెళ్తే పాన్ ఆయనదే. స్విఫ్ట్ ఫారంలో ఛార్జీలు ఎవరు భరిస్తారన్న గడి ఉంటుంది. అందులో అన్నీ పంపేవారివే అని టిక్ పెట్టించండి. లేదంటే దారిలో మధ్య బ్యాంకు ఇరవయ్యో ముప్ఫయ్యో యూరోలు కోసుకుంటుంది, 11,904 చేరాల్సిన చోట 11,878 చేరుతుంది, కన్ఫర్మేషన్ లెటర్ ఆగిపోతుంది. ఆ 26 యూరోలు మళ్లీ పంపడానికి ఇంకో వారం, ఇంకోసారి ఛార్జీలు. ఎందుకైనా మంచిది, ఓ 100 యూరోలు ఎక్కువే వేయండి. మిగిలితే మీకే వస్తాయి.

ఒక పాన్ మీద ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటి బయటికి పంపితే బ్యాంకు టీసీఎస్ అనే పన్ను ముందే పట్టుకుంటుంది. అది పోయిన డబ్బు కాదు, రిటర్న్ దాఖలు చేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ నుంచి నేరుగా వెళ్లే డబ్బుకి 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ లేదు.

లోన్ కోసం పొలం పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకుకి వెళ్లడం మన దగ్గర రివాజు. ఎడ్యుకేషన్ లోన్‌కి వ్యవసాయ భూమిని బ్యాంకులు సాధారణంగా తనఖా తీసుకోవు. బకాయి పడితే ఆస్తిని స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం సాగుభూమికి వర్తించకపోవడం అందుకు కారణం. ఊళ్లో గ్రామకంఠంలో ఉన్న ఇల్లు కూడా రిజిస్టర్డ్ దస్తావేజు లేక తిరిగొస్తుంది. పట్టణంలో ప్లాన్ అప్రూవల్ ఉన్న ఇల్లో, లేఅవుట్ ప్లాటో, ఫిక్స్‌డ్ డిపాజిట్టో ఉండాలి. అది అమ్మమ్మ పేరునో పెదనాన్న పేరునో ఉంటే వాళ్లు బ్యాంకుకి వచ్చి సంతకం పెట్టాలి, ముందే అడిగి ఒప్పించుకోండి. లీగల్ ఒపీనియన్, ఈసీ, వాల్యుయేషన్ కలిపి నెల దాటుతుంది. అడ్మిషన్ వచ్చాక మొదలెడితే ఆలస్యమైపోతుంది. ఆస్తి కాగితాల పరిశీలన ముందే చేయించి పెట్టుకోవచ్చు.

వీసా

దరఖాస్తు ఇప్పుడు కాన్సులర్ సర్వీసెస్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో పెట్టి, ఆ తర్వాత వేలిముద్రలకు, పాస్‌పోర్టు ఇవ్వడానికి వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ సెంటరుకి వెళ్లాలి. ఫీజు 75 యూరోలకు సమానమైన రూపాయలు. హైదరాబాద్ అపాయింట్‌మెంట్ దొరికితే ఆమదాలవలసలోనో విజయనగరంలోనో విశాఖ ఎక్స్‌ప్రెస్, ఫలక్‌నుమా ఎక్కొచ్చు. కానీ ఆ రైలు దిగి అదే ఉదయం అపాయింట్‌మెంట్‌కి పరుగెత్తేలా పెట్టుకోకండి. ఒక రోజు ముందు చేరండి.

ఫైల్లో ఉండాల్సినవి: ఏపీఎస్, అడ్మిషన్ లెటర్, బ్లాక్డ్ అకౌంట్ కన్ఫర్మేషన్, ఇంగ్లిష్ స్కోరు, సీవీ, మోటివేషన్ లెటర్, ఇన్సూరెన్స్, 35 బై 45 మిల్లీమీటర్ల ఫొటోలు. మోటివేషన్ లెటర్‌ని కన్సల్టెన్సీ వాళ్లు ఒకే అచ్చులో పోస్తారు. ఈ సబ్జెక్టే ఎందుకు, బీటెక్‌లో ఏది చదివారు, మధ్యలో ఏడాది ఖాళీ ఉంటే ఏం చేశారు, ఇంతవరకు మీ మాటల్లో రాస్తే చాలు. 2025 జులై 1 నుంచి తిరస్కరణ మీద ఉచితంగా అప్పీలు చేసుకునే పద్ధతి ఎత్తేశారు. వీసా రాకపోతే మళ్లీ కొత్త దరఖాస్తే, లేదా కోర్టు. అందుకని అరకొర ఫైలుతో “చూద్దాం” అని వెళ్లొద్దు.

అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా కాగితాల మీద వేయించే ప్రభుత్వ ముద్ర) చేయించాలని ఎవరైనా వేలు అడిగితే ఆగండి. భారత్ వేసే అపోస్టిల్‌కి జర్మనీ అభ్యంతరం తెలిపింది, అది అక్కడ చెల్లదు.

సూట్‌కేసు

మాంసం, పాలు, వాటితో చేసినవి ఏవీ యూరప్‌లోకి రానివ్వరు. చికెన్ పచ్చడి, చేపలు, రొయ్యలు కాని నాన్‌వెజ్ పచ్చళ్లన్నీ, నెయ్యి, పాలకోవా, నేతి మిఠాయిలు ఇంట్లోనే ఉండాలి. పచ్చి కరివేపాకు రెమ్మ కూడా కుదరదు. ఎండబెట్టి పొడి చేసుకుంటే పర్వాలేదు. పలాస జీడిపప్పు వేయించి తీసుకెళ్లొచ్చు. చేపలకు నియమం వేరు, ఎండు చేపలు 20 కేజీల దాకా అనుమతే. కాబట్టి కళింగపట్నం నెత్తళ్లు చట్టప్రకారం వెళ్తాయి గానీ, హాస్టల్ కామన్ కిచెన్‌లో వాటిని వేయించిన రోజు పక్క గదుల వాళ్లతో మాట పడాల్సి వస్తుంది. ఆవకాయ మూతకి టేపు చుట్టి, రెండు కవర్లలో పెట్టి, బట్టల మధ్యలో పెట్టండి.

కుక్కర్ కొనేటప్పుడు అడుగు ఇండక్షన్‌కి పనికొస్తుందో లేదో చూడండి. మామూలు అల్యూమినియం కుక్కర్‌ని ఇండక్షన్ పొయ్యి గుర్తించదు. కరెంటు 230 వోల్టులే, మన రెండు పుల్లల ఛార్జర్లు అలాగే పడతాయి, మూడు పుల్లల ప్లగ్గుకి అడాప్టర్ కావాలి. చలికోటు అక్కడే కొనుక్కోండి, ఇక్కడ దొరికేవి ఆ చలికి ఆనవు. రోజూ వేసుకునే మందులుంటే మూడు నెలలకి సరిపడా, ఇంగ్లిషులో డాక్టరు చీటీతో.

దిగాక మొదటి నెల

శనివారం సాయంత్రం దిగేలా టికెట్ తీయకండి. ఆదివారం దుకాణాలు మూసేస్తారు, అక్టోబరు 3 కూడా సెలవే. చేతిలో ఫారెక్స్ కార్డు మీద 1,000 నుంచి 1,500 యూరోలు ఉండాలి, బ్లాక్డ్ అకౌంట్ మొదటి వాయిదా వెంటనే రాదు.

ఇల్లే అసలు సమస్య. స్టూడీరెన్‌డెన్‌వెర్క్ అనే విద్యార్థి సేవా సంస్థ నడిపే హాస్టళ్లకు అడ్మిషన్ వచ్చిన రోజే దరఖాస్తు పెట్టాలి, కొన్ని ఊళ్లలో వెయిటింగ్ ఒక సెమిస్టర్ దాటుతుంది. బయట గది వెతికేటప్పుడు “నేను విదేశంలో ఉన్నాను, డిపాజిట్ వేస్తే తాళం పోస్టులో పంపిస్తాను” అన్న మెసేజ్ వస్తే అది మోసం. గది చూడకుండా, కాంట్రాక్టు లేకుండా ఒక్క యూరో కూడా వేయొద్దు. ప్రకటనలో ‘కాల్ట్’ అని ఉంటే ఒట్టి అద్దె, ‘వార్మ్’ అంటే హీటింగ్, నీళ్లు కలిపి. డిపాజిట్ మూడు నెలల కాల్ట్ అద్దెకి మించకూడదు, మూడు వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. గదిలో చేరిన రోజే గోడలు, పొయ్యి, బాత్రూమ్ ఫొటోలు తీసి పెట్టుకోండి, ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ కాపాడేవి అవే.

గదిలో చేరిన 14 రోజుల్లోపు ఊరి ఆఫీసులో ఆన్‌మెల్డుంగ్, అంటే అడ్రసు నమోదు. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువీకరణ కాగితం కావాలి. తాత్కాలికంగా దిగిన హోటల్ వాళ్లు, స్నేహితుడి గదిలో సబ్‌లెట్ వాళ్లు ఆ కాగితం ఇవ్వకపోవచ్చు, గది తీసుకునే ముందే అడగాల్సిన మొదటి ప్రశ్న అది. అపాయింట్‌మెంట్లు పెద్ద ఊళ్లలో వారాల తరబడి దొరకవు. ఇంకా విమానం ఎక్కకముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు.

ఇప్పుడు చిన్న విషయం, చాలామందిని ఏడిపించేది: పోస్టు డబ్బా. జర్మనీలో సాధారణంగా గది నంబరు రాయరు, పోస్టుమేన్ డబ్బా మీద పేరు చూసి వేస్తాడు. మీ ఇంటిపేరు దాని మీద లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. బ్యాంకు కార్డు, దాని పిన్ (రెండూ విడివిడిగా వస్తాయి), ఇన్సూరెన్స్ కార్డు, 11 అంకెల ట్యాక్స్ ఐడీ అన్నీ ఉత్తరాల్లోనే వస్తాయి. తాళం చేతికొచ్చిన గంటలోపే ఒక చీటీ మీద ఇంటిపేరు పెద్దక్షరాల్లో రాసి టేపుతో అంటించండి. పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగే రాయాలి.

ఆ డబ్బాలోకే కొన్నాళ్లకు రేడియో, టీవీ రుసుం నోటీసు వస్తుంది. నెలకి 18.36 యూరోలు, మూడు నెలలకోసారి. టీవీ లేదని చింపేయొద్దు, టీవీ ఉన్నా లేకపోయినా ఇంటికింతని కట్టాలి. నలుగురు ఉంటే ఒకరు కట్టి, మిగతా ముగ్గురూ ఆ ఖాతా నంబరు రాసి పంపితే చాలు. హాస్టల్‌లో విడి గదిని విడి ఇల్లుగా లెక్కేయవచ్చు.

హెల్త్ ఇన్సూరెన్స్ 30 ఏళ్ల లోపువాళ్లకు ప్రభుత్వ స్టూడెంట్ స్కీమ్‌లో నెలకి సుమారు 140 నుంచి 150 యూరోలు. ఆ స్కీమ్ నడిపేవి టీకే, ఏఓకే లాంటి సంస్థలు. నెలకి 30, 40కే ప్రైవేటు పాలసీ అని ఆశపెడతారు. ప్రభుత్వ స్కీమ్ వద్దని ఒకసారి మినహాయింపు తీసుకుంటే చదువు అయ్యేదాకా అందులోకి తిరిగి రానివ్వరు. ఇన్సూరెన్స్ వాళ్లే యూనివర్సిటీకి డిజిటల్‌గా కబురు పంపుతారు, అది అందాకే పేరు నమోదవుతుంది. ప్రయాణం రోజు నుంచి అది మొదలయ్యేదాకా ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి.

992 యూరోల్లో బతకడం సాధ్యమే, మ్యూనిక్ లాంటి ఊరు కాకపోతే. గది 380, ఇన్సూరెన్స్ 150, వండుకు తింటే 190, ఫోన్ 12, సెమిస్టర్ కాంట్రిబ్యూషన్ నెలవారీగా విడదీస్తే 50. మిగిలిన 210లోనే బట్టలు, పుస్తకాలు, ఇంటి సామాను, ఊరికి టికెట్ దాచుకోవడం.

గదిలో పోపు వేస్తే కిటికీ పూర్తిగా తెరిచి ఐదు పది నిమిషాలు గాలి ఆడనివ్వాలి, చలికాలంలో కూడా. లేదంటే గోడ మూలల్లో బూజు పడుతుంది, డిపాజిట్‌లో కోస్తారు. ఎండుమిర్చి వేయించే ముందు పైన పొగ అలారం ఎక్కడుందో చూడండి. దాన్ని ప్లాస్టిక్ కవరుతో మూయడం చట్టవిరుద్ధం, ప్రమాదం కూడా. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మిక్సీ, వాషింగ్ మెషీన్ వేయొద్దు, ఆదివారమంతా కూడా. అత్యవసరానికి 112, పోలీసుకి 110, రాత్రిపూట ప్రాణం మీదికి రాని జ్వరానికి 116117.

చదువు

మన దగ్గర మిడ్ పరీక్షలు, ఇంటర్నల్స్, అసైన్‌మెంట్ మార్కులు కలిపి గట్టెక్కిస్తాయి. అక్కడ చాలా సబ్జెక్టులకు సెమిస్టర్ చివర 90 నుంచి 120 నిమిషాల పరీక్ష ఒకటే, మార్కులన్నీ దానికే. ఒక సెమిస్టర్‌కి 30 క్రెడిట్లు, క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల పని అని వాళ్ల లెక్క. అంటే 750 గంటలు తక్కువ కాకుండా. హాజరు వేయరు. అదే ప్రమాదం.

పరీక్షకి పోర్టల్‌లో విడిగా నమోదు చేసుకోవాలి. క్లాసుకి వెళ్లినంత మాత్రాన పేరు ఉండదు. ఆ గడువు పరీక్షకి వారాల ముందే, కొన్నిచోట్ల నవంబరు, డిసెంబరులోనే ముగుస్తుంది. ఒక్క రోజు దాటినా రాయనివ్వరు, బతిమాలితే అయ్యే పని కాదు. తయారు కాకపోతే ఉపసంహరించుకోవడానికీ తేదీ ఉంటుంది. నమోదు చేసుకుని వెళ్లకపోతే అది ఫెయిల్ కిందే లెక్క. జ్వరమొస్తే అదే రోజు డాక్టరు సర్టిఫికెట్ పంపాలి.

ఇక్కడి సప్లీల అలవాటుతో వెళ్లేవాళ్లు ఇది రెండుసార్లు చదవండి. చాలా కోర్సుల్లో ఒక పరీక్షకి మూడే అవకాశాలు. తప్పనిసరి సబ్జెక్టులో మూడోసారీ పోతే కోర్సులోంచి తీసేస్తారు, జర్మనీలో ఇంకెక్కడా అదే సబ్జెక్టులో చేరనివ్వకపోవచ్చు. వీసా కూడా చదువుతో ముడిపడినదే. మొదటి సెమిస్టర్‌లో ఆరు సబ్జెక్టులు ఎత్తుకోవడం కన్నా నాలుగు తీసుకుని గట్టిగా పాసవ్వడం మేలు. ఫలితాల తర్వాత పేపరు చూపించే రోజు ఒకటి పెడతారు. తప్పకుండా వెళ్లండి, కూడికలో తప్పులుంటే అక్కడే సరిచేస్తారు, అడగడం మర్యాద తక్కువేం కాదు.

టైమ్‌టేబుల్‌లో పదింటికి ‘సీటీ’ అని ఉంటే క్లాసు పదీ పావుకి, ‘ఎస్‌టీ’ అని ఉంటే సరిగ్గా పదింటికి. ప్రొఫెసర్‌కి రాసే ఈమెయిల్‌లో మెట్రిక్యులేషన్ నంబరు (యూనివర్సిటీ ఇచ్చే స్టూడెంట్ నంబరు), సబ్జెక్టు పేరు, ఒక్క ప్రశ్న ఉండాలి. ‘రెస్పెక్టెడ్ సర్’ అక్కర్లేదు. మన పిల్లలకు ఎదురు ప్రశ్న వేయడం బెరుకు. అక్కడ ప్రశ్న అడగనివాడికి అంతా తెలుసనుకుంటారు.

ఇంకో తేదీ: ప్రతి సెమిస్టర్‌కీ గడువులోపు కాంట్రిబ్యూషన్ కట్టి రూక్‌మెల్డుంగ్, అంటే మళ్లీ పేరు నమోదు, చేయాలి. అది మర్చిపోతే పేరు కొట్టేస్తారు.

పని, రెండో ఏడాది

2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేయొచ్చు. యూనివర్సిటీలోనే చేసే హివి (స్టూడెంట్ అసిస్టెంట్) ఉద్యోగం ఆ లెక్కలోకి రాదు. కనీస వేతనం 2025లో గంటకి 12.82 యూరోలు, 2026 జనవరి నుంచి 13.90. సొంతంగా బిల్లు పెట్టుకుని చేసే డెలివరీ, ఫ్రీలాన్స్ పనులు స్టూడెంట్ పర్మిట్ మీద అనుమతి లేనిదే చేయకూడదు, ఒప్పందంలో ఉద్యోగి అని ఉందో లేదో చూసి సంతకం పెట్టండి. మొదటి సెమిస్టర్‌లో పని దొరుకుతుందన్న లెక్కతో ఇంటి నుంచి తక్కువ డబ్బుతో బయల్దేరొద్దు. సూపర్‌మార్కెట్‌లో అయినా, మంచి కంపెనీలో అయినా జర్మన్ అడుగుతారు. హైదరాబాద్ గోథే జెంట్రమ్ లాంటి చోట్ల ఇక్కడుండగానే జర్మన్ భాషలో ఏ2 స్థాయి దాకా పూర్తిచేసి వెళ్తే, అక్కడ క్లాసులతోపాటు తర్వాతి స్థాయి బీ1 అందుకోవచ్చు.

వీసా గడువు కొద్ది నెలలే ఉండొచ్చు. అది ముగియకముందే విదేశీయుల ఆఫీసులో రెసిడెన్స్ పర్మిట్‌కి పెట్టాలి, ఫీజు 100 యూరోల దాకా. అపాయింట్‌మెంట్ ఆలస్యమైనా దరఖాస్తు గడువులోపు అందితే, నిర్ణయం వచ్చేదాకా ఉండొచ్చని ఫిక్సియాన్స్‌బెషైనిగుంగ్ అనే తాత్కాలిక కాగితం ఇస్తారు. దరఖాస్తు పంపిన ఈమెయిల్, దానికి వచ్చిన జవాబు దాచుకోండి. ఆ తాత్కాలిక కాగితంతో సంక్రాంతికి ఇంటికి రావాలనుకుంటే, టికెట్ కొనేముందు తిరిగి రానిస్తారో లేదో ఆ ఆఫీసునే రాతపూర్వకంగా అడగండి.

పర్మిట్ పొడిగించేటప్పుడు తర్వాతి ఏడాదికి డబ్బు మళ్లీ చూపించాలి. బ్లాక్డ్ అకౌంట్ అంటే ఒక్కసారి కట్టేదని ఇంట్లో అనుకుంటారు, మొదటి ఏడాది 12 లక్షలు నెలనెలా ఖర్చయిపోయాక ఈ కబురు చెబితే అప్పటికప్పుడు ఎక్కడి నుంచి తెస్తారు? పని ఒప్పందం, జీతం స్లిప్పులు నెలకి 992 చూపిస్తే కొత్త బ్లాక్డ్ అకౌంట్ అక్కర్లేకపోవచ్చు, కొంత తక్కువైతే ఆ తేడా వరకే వేయమంటారు. లోన్ తీసుకునేటప్పుడే రెండో ఏడాది మొత్తం కూడా శాంక్షన్‌లో రాయించి, విడుదల తేదీని పర్మిట్ గడువుకి రెండు నెలల ముందుకి పెట్టించుకోండి.